కంచు ఎండ్రకాయ పట్టిన రథచక్రం

అనగనగా ఒక పట్నం. ఆ పట్నానికి ఒక రాజు. ఆయనకు ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, ఏడంతస్తుల మేడ ఉంది. లేనిదల్లా ఒక్కటే నాయనా, కోట దాటి బయటికి రావడానికి దారి!

నవ్వకండి, నిజంగానే లేదు. ఆ పట్నం పేరు శకటపురం. ఇంటికో బండి. బండి ఎక్కడ ఆగితే అదే దాని చోటు. తమలపాకులు కొనడానికి ఒకడు నడివీథిలో బండి ఆపుతాడు. వాడితో కబుర్లాడటానికి ఇంకొకడు ఆపుతాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో విందామని మూడోవాడు ఆపుతాడు. ఊరి చివర బండ్ల దొడ్డి ఖాళీగా ఉన్నా అటు పోయే నాథుడు లేడు.

రాజు కేతువర్మ మంచివాడు, భక్తిపరుడు. చెన్నకేశవస్వామి దర్శనం కానిదే మెతుకు ముట్టడు. కానీ ఆయన పల్లకి ఆ బండ్ల మధ్య నుంచి ఈదుకుంటూ గుడికి చేరేసరికి పూజారి తలుపులు మూసేసేవాడు. పాపం, ఏకాదశి కాని రోజున కూడా రాజుగారికి ఉపవాసమే!

ఒకనాడు సోమదత్తుడనే వర్తకుడు కొలువుకు వచ్చి, అరచేతిలో పట్టేటంత నల్లని పలక ఒకటి రాజు ముందు పెట్టాడు. మీ నాన్నగారి జేబులో ఉంటుందే, నేను కథ చెబుతుంటే కూడా కొందరు తడుముకుంటున్నారే, అచ్చం అలాంటిదే. మీరు ఫోను అంటారు. వాళ్ళు చూపుపలక అన్నారు.

"మహాప్రభూ, ఇంటికొక పలక ఇప్పించండి. దారికి అడ్డంగా నిలిచిన బండి ఎవరికి కనిపించినా సరే, పలక ఎత్తి చూపిస్తే చాలు. మిగతా పని వీటిది" అని వర్తకుడు చప్పట్లు కొట్టాడు.

గలగలమంటూ సభలోకి కంచు ఎండ్రకాయలు పాకుతూ వచ్చాయి! గంపంతేసి ఒళ్ళు. పటకారుల్లాంటి ముందుకాళ్ళు. అన్నీ ఒక్క గొంతుతో పలికాయి:

"ఇక్కడ నిలవకూడదు! ఇక్కణ్ణుంచి కదలకూడదు!"

రాజు మురిసిపోయాడు. ఆ రెండు మాటలూ పక్కపక్కన ఎలా ఇముడుతాయో ఆయన అడగలేదు. సభలో ఎవరూ అడగలేదు.

"వీథిలో ఏది నిలిచినా పట్టండి. మనుషుల జోలికి మాత్రం పోవద్దు" అని ఆజ్ఞ ఇచ్చాడు. "నేను సింహాసనం మీద కూర్చుని 'విడువు' అన్నప్పుడే విడవాలి. వీథిలో ఎవరి మాటా చెల్లదు, నా మాటైనా సరే. సిఫారసులు మన రాజ్యంలో ఉండకూడదు!"

"బండి చూపించినవాడికి సభలో తాంబూలం" అని కూడా చాటించాడు. అంతే, ఊరు ఊరంతా పలకలు ఎత్తుకుని తిరగడం మొదలుపెట్టింది.

పలక ఎత్తనిది ఒక్క నూకాలమ్మ. ఆవిడ రైతు మనిషి. తన బండి తనే తోలుకునేది. పలకను చద్దన్నం ముంతకు మూత పెట్టుకుంది.

"అదేంటక్కా, రాజుగారిచ్చిన పలక!" అని ఎవరైనా అంటే, "బాగుంది తమ్ముడూ, ఈగ వాలటంలేదు" అనేది.

మొదటి వింత ఏం జరిగిందో వినండి. ఒక ముసలమ్మ కాలు జారి వీథిలో పడింది. కుండల బండి తోలుకొస్తున్న పెద్దాయన గబుక్కున బండి ఆపి, దిగి ఆవిణ్ణి లేవదీశాడు. లేవదీసి వెనక్కి తిరిగేసరికి ఎండ్రకాయ చక్రం పట్టేసింది. చూపించింది ఎవరనుకున్నారు? ఆయన సొంత అల్లుడు, గవరయ్య!

"ఏరా, పిల్లనిచ్చిన మామనురా!"

"అందుకే మామయ్యా, వేరేవాళ్ళు చూపించకముందే చూపించాను. తాంబూలం ఇంట్లో ఉంటుంది కదా!"

మామ నెత్తి కొట్టుకున్నాడు. విన్నవాళ్ళూ కొట్టుకున్నారు.

రెండో వింత రథోత్సవం రోజున. ఆ ఉదయం నూకాలమ్మ బండినిండా వరినారు వేసుకుని బయలుదేరింది. పొద్దున్నే పీకిన నారు. పట్నానికి అవతల ఆవిడ మడి దమ్ము చేసి సిద్ధంగా ఉంది. సాయంత్రంలోగా నాటితే సరి. ఎండకు వాడిపోయిందా, మళ్ళీ పోయడానికి విత్తనం లేదు, ఆ ఏటికి పంటా లేదు.

పెద్దవీథి మలుపులో గడ్డిబండి ఇరుసు విరిగి ఆగింది. ఎవడో చూపించాడు. ఎండ్రకాయ పట్టింది. ముందు బండి కదలదు కాబట్టి వెనక బండి ఆగింది. ఆగింది కాబట్టి దాన్నీ ఒకడు చూపించాడు, ఇంకో ఎండ్రకాయ పట్టింది. అది కదలదు కాబట్టి దాని వెనకది ఆగింది. అయ్యో అనేలోపు వీథి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కటకటకటమని పటకారులు బిగుసుకున్నాయి. ఆఖరిది నూకాలమ్మ బండి.

"ఇక్కడ నిలవకూడదు! ఇక్కణ్ణుంచి కదలకూడదు!"

"మరేం చెయ్యమంటావే, ఎగరనా?" అంది నూకాలమ్మ. ఎండ్రకాయ పటకారు ఇంకాస్త బిగించింది. ఆవిడ తాగే నీళ్ళు తీసి నారుకట్టల మీద చల్లింది. నీళ్ళు అయిపోయాయి. ఎండ అయిపోలేదు.

మూడో వింత చెప్పాలంటే నాకు ఇప్పటికీ గుండె దడే, తల్లీ. బాజాలు మోగుతుండగా వెనక నుంచి స్వామి రథం వచ్చింది. ముందు రాజుగారు వట్టి కాళ్ళతో మోకు పట్టి లాగుతున్నారు. ఆ ఊరి ఆచారం ఒకటుంది. మోకు పట్టిన చెయ్యి, రథం మళ్ళీ రథశాలకు చేరేదాకా విడవకూడదు, రాజైనా సరే. నారుబండి అడ్డంగా ఉండేసరికి రథం ఆగింది.

గవరయ్య చెయ్యి అలవాటు పడిపోయింది కదా, పలక ఎత్తేసింది.

కటుక్కు!

సన్నాయి ఆగిపోయింది. పూజారి చేతిలో హారతి పళ్ళెం జారి కిందపడింది. స్వామి రథచక్రాన్ని కంచు ఎండ్రకాయ పట్టుకుంది! ఆడవాళ్ళు లెంపలు వేసుకున్నారు. "అపచారం! అపచారం!" గవరయ్య పలకనూ తన చేతినీ మార్చి మార్చి చూసుకుని, అక్కడే చతికిలబడ్డాడు.

"విడువు!" అని రాజు అరిచాడు.

"సింహాసనమేది ప్రభూ? వీథిలో తమరి మాట చెల్లదన్నది తమరే" అంది ఎండ్రకాయ.

సింహాసనం కోటలో ఉంది. మోకు రాజు చేతిలో ఉంది. రథం కదిలితే గాని రాజు కోటకు పోలేడు. రాజు కోటకు పోతే గాని రథం కదలదు. రాజు ముఖం పాలిపోయింది.

"సోమదత్తా! ఏమిటయ్యా ఇది?"

"పలకలో లోపం లేదు ప్రభూ. చెప్పింది చెప్పినట్టే చేస్తోంది" అన్నాడు వర్తకుడు వెనక్కి జరుగుతూ.

అప్పుడు నూకాలమ్మ బండి దిగింది. నారు చూసింది, కొసలు వాలిపోతున్నాయి. స్వామిని చూసింది, దండం పెట్టుకుంది. చద్దన్నం ముంత మీది మూత తీసి కొంగుతో తుడిచింది. ఇంతవరకూ ఎవరి మీదా ఎత్తని పలక! నేరుగా తీసుకెళ్ళి రథచక్రం దగ్గర ఎండ్రకాయ ముఖానికే ఎదురుగా పెట్టింది.

"చూడు. పలకలో లోపం లేదంటారుగా. వీథి నడుమ నిలిచింది ఎవరు?"

ఎండ్రకాయ చూసింది. పలకలో దాని బొమ్మే కనిపించింది.

"నేను" అంది.

"కదులుతున్నావా?"

"లేదు."

"నువ్వు మనిషివా, నిన్ను వదిలెయ్యడానికి?"

"కాదు. కంచును."

"మరి ఆజ్ఞ ఏమిటి?"

"వీథిలో ఏది నిలిచినా పట్టాలి" అంది ఎండ్రకాయ. కంచుదే గాని, కపటం లేనిది. తనను తాను పట్టాలంటే పటకారులు ఖాళీగా ఉండాలి కదా, మెల్లగా చక్రం వదిలింది. తన కుడి పటకారును ఎడమ పటకారుతో గట్టిగా పట్టుకుంది!

"నేను ఇక్కడ నిలవకూడదు" అంటూ, ముందుకాళ్ళు రెండూ చిక్కుకోవడంతో నిలదొక్కుకోలేక పక్కకు దొర్లి గోడ వారన పడింది. అది చూసి నారుబండి ఎండ్రకాయ వదిలింది. దాని ముందుది వదిలింది. వీథి పొడుగునా తమను తామే పట్టుకుని, గుమ్మడికాయల్లా దొర్లుకుంటూ పోయాయి. ఆ తర్వాత "గోవిందా!" అన్న కేక ఆకాశాన్నంటింది.

రాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "అమ్మా, బొమ్మకు తెలిసిన న్యాయం నాకు తెలియలేదు. దారి కోసం చట్టం చేశాను. ఆ చట్టాన్నే దారికి అడ్డం పెట్టాను."

"ఏడవడానికి తర్వాత తీరిక చూసుకుందురు గాని మహారాజా, ముందు నా నారు!" అంది నూకాలమ్మ.

జనం గడ్డిబండిని ఎత్తి పక్కన పెట్టారు. ముందున్న బండ్లన్నీ ఊరి చివరి బండ్ల దొడ్డి వైపు దారి పట్టాయి. ఆ రోజు శకటపురంలో స్వామికంటే ముందు ఊరేగింది నారుబండి! పొద్దు వాలకముందే నారు మడిలో నిలబడింది. గవరయ్య కూడా మోకాళ్ళలోతు బురదలో నాటాడు, మామగారి పక్కనే, తల దించుకుని.

మర్నాడు రాజు కొలువుతీరి ఎండ్రకాయలను విడిపించి కొత్త ఆజ్ఞ ఇచ్చాడు. చూపించినవాడికి తాంబూలం మానేశాడు. పలకలో ఇప్పుడు దొడ్డిలోని ఖాళీ చోట్లు కనిపిస్తాయి. ఎండ్రకాయలు బండిని పట్టవు, నెడతాయి. ఎందుకు ఆపావని ముందు అడుగుతాయి. ఆపదలో ఉన్నవాడికి సాయం పడతాయి, బద్ధకస్తుణ్ణి దొడ్డిదాకా తోసుకుపోతాయి. తోస్తూ ఒకటే మాట అంటాయి:

"ఇక్కడ నిలవకూడదు! పద, చోటు చూపిస్తాను!"

రాజుగారికి రోజూ దర్శనం దొరికింది, భోజనం దొరికింది. నూకాలమ్మ పలక మళ్ళీ ముంత మీదికి చేరింది. ఈ కథ విన్న మీ అందరికీ ఆ చెన్నకేశవుడు దారి చూపించుగాక!

నీతి: తప్పును తొలగించేదే శిక్ష, తప్పును ఉన్నచోటే బిగించేది మరో తప్పు.