సాలిపేటలో రాజుగారి తలంటు

వెనకటికి తామ్రగిరి అనే రాజ్యాన్ని సమరభీముడనే రాజు ఏలుతుండేవాడు. ఏలడం కన్నా పొగిడించుకోవడం ఆయనకు ఎక్కువ ఇష్టం. కొండవాగుకు అడ్డుకట్ట వేయించి, ఊళ్లోకి మట్టిగొట్టాల్లో నీళ్లు తెచ్చి, వీధికొక కుళాయి పెట్టించాడు. అది మంచిపనే. ఆ ఒక్క మంచిపనికీ తనకు తానే 'అపర భగీరథుడు' అని బిరుదిచ్చుకున్నాడు. కోట గుమ్మంలో ఒక రాయి పాతించి, జలాధికారి చెప్పిన లెక్క ప్రకారం 'మా రాజ్యమందు ప్రతి కుళాయీ గడియకు నూరు బిందెల వరకు ఇచ్చును' అని చెక్కించాడు. ఇక బావులెందుకని ఊళ్లో ఉన్నవన్నీ పూడ్పించేశాడు.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. రాజుగారు స్నానానికి లేస్తే కోటలో శంఖం ఊదేవారు. అది వినగానే జనం కుళాయిల్లో గుడ్డలు కుక్కాలి. రాజు స్నానమాడే వేళ ప్రజలు నీళ్లు పట్టుకోవడం అపచారమట. ఏటా ఉగాదినాడు జలాధికారి గుండమరాజు, సరిగ్గా శంఖం ఊదాక, కోట కుళాయి కింద బిందె పెట్టి రాజు ఎదుట అంకెలు లెక్కపెట్టేవాడు. పది లెక్కపెట్టేలోపు బిందె నిండేది. కోటకు వేసిన గొట్టం ఏనుగు తొండమంత, వీధులకు వేసింది చిటికెనవేలంత. ఆ సంగతి రాజుకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఊరంతా ఇలాగే పారుతోందని ఆయన నిజంగానే నమ్మాడు.

ఒక ఏడాది వేసవిలో, సాలెవాళ్లుండే సాలిపేటకు నిప్పంటుకుంది.

ఆ పేటలో పుట్టినవాడే సంగన్న. మగ్గం మీద కూర్చోవలసినవాడు, నోటి చలవ వల్ల కొలువులో విదూషకుడయ్యాడు. మంటలు లేచిన మధ్యాహ్నం అతని అక్క అంకమ్మ కుళాయి కింద బిందె పెట్టి నిలబడింది. ఇంట్లో ఆమె భర్త విషజ్వరంతో మంచం దిగలేని స్థితిలో ఉన్నాడు. లోపలికి పోబోయిన ఇద్దరు కాలిన చేతులతో వెనక్కి వచ్చారు. బిందె సగం నిండేసరికి ఇంటి కప్పు కూలిపోయింది. ఆనాటి నుంచి సంగన్న కొలువులో అందరినీ నవ్విస్తూనే ఉన్నాడు గాని, తాను మాత్రం నవ్వడం మానేశాడు.

మళ్లీ మాఘమాసం వెళ్లిపోయింది. పేటలో మళ్లీ తాటాకు కప్పులే లేచాయి. గాడ్పులు మొదలయ్యేలోగా లావు గొట్టం పడకపోతే మిగిలినవాళ్ల గతీ అంతేనని సంగన్నకు తెలుసు. తిన్నగా గుండమరాజు ఇంటికి వెళ్లి అడిగాడు.

"సాలిపేటకు లావు గొట్టం వేయడానికి మీకేమిటండీ అడ్డం?"

హాస్యగాడి దగ్గర దాపరికం ఎందుకనుకున్నాడేమో, గుండమరాజు తాంబూలం నములుతూ ఉన్నదున్నట్టు చెప్పాడు. "వీధి తవ్వాలంటే నెలల తరబడి పని. అంత చేసినా వాళ్లిచ్చే పన్ను అంతే, చేయకపోయినా అంతే. బావులా లేవు. నా కుళాయి కాదని ఎక్కడికి పోతారు? ఒక పేటకు వేస్తే రేపు పక్క పేట అడుగుతుంది. పైగా లావు ధారకు అలవాటుపడ్డవాడు మళ్లీ సన్న ధారకు ఒప్పుకోడు సంగన్నా. వాడికి ఆ రుచి తెలియకుండా ఉండడమే మేలు."

"మనుషులు పోయారు కదండీ."

"నాకు ఫిర్యాదు ఒక్కటీ రాలేదే."

"పోయినవాళ్లు వచ్చి చెప్పుకోలేరు కదండీ" అన్నాడు సంగన్న. గుండమరాజు అదీ హాస్యమే అనుకుని పకపక నవ్వాడు.  సంగన్న దండం పెట్టి వచ్చేశాడు.

ఆ మర్నాడు కొలువు తీరింది. తెల్లవారితే రాజుగారి పుట్టినరోజు. సంగన్న లేచి చేతులు జోడించాడు.

"ప్రభూ, భగీరథుడు గంగను తెచ్చింది తన ఇంట్లో స్నానానికి కాదు. రేపు తమ తలంటు సాలిపేట కుళాయి కింద కానివ్వండి. శంఖం మాన్పించి, ఊరంతా తమతోపాటు అదే వేళకు స్నానం చేయాలని చాటింపు వేయించండి. అంతమంది తమ పుణ్యంలో మునిగినట్టే."

రాజు మీసం దువ్వుకున్నాడు. "బాగుంది. మరి కోట నుంచి గంగాళాలు మోయించాలేమో?"

సంగన్న గుండమరాజు వైపు తిరిగాడు. "అక్కర ఉంటుందంటారా? రాతి మీద నూరు బిందెలని ఉంది. కాదంటే ప్రభువుకు ఇప్పుడే మనవి చేయండి."

గుండమరాజు ఇరుకున పడ్డాడు. అవునంటే రాయి అబద్ధం, కాదంటే రేపు ఏమవుతుందో తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "అక్కర్లేదు ప్రభూ" అని గొణిగాడు. ఒక్కరోజులో వీధి తవ్వడం ఎవరి తరం?

ఆ సాయంత్రం సంగన్న అక్క దగ్గరికి వెళ్లాడు.

"తల పోయే పనిరా తమ్ముడూ" అంది అంకమ్మ.

"పోతే పోనీ అక్కా. నువ్వు మాత్రం కోడికూతకు లేచి ఒక బిందె పట్టి ఉంచు."

తెల్లవారింది. కుళాయి పక్కనే పీట వేశారు. రాజు కూర్చున్నాడు. నూనె పెట్టారు, నలుగు పెట్టారు, చిక్కటి కుంకుడు పులుసు తలనిండా పోసి రుద్దారు. సరిగ్గా అదే వేళకు చాటింపు ప్రకారం ఊరంతా కుళాయిలు విప్పింది. సాలిపేట ధార దారమంత సన్నబడి, ఆ తర్వాత చుక్కలైంది.

"నీళ్లు" అన్నాడు రాజు, కళ్లు గట్టిగా మూసుకుని.

"వస్తున్నాయి ప్రభూ. గడియసేపట్లో బిందె నిండుతుంది" అన్నాడు సంగన్న.

"కళ్లు మండిపోతున్నాయిరా."

"కాస్త ఓర్చుకోవాలి ప్రభూ. ఒక మనిషి అవసరానికి ఈ ధార చాలునని జలాధికారిగారి అభిప్రాయం. ఇంతవరకు వారికి ఫిర్యాదు కూడా రాలేదు."

భటులు కోట వైపు కదలబోయారు. సంగన్న అడ్డం నిలబడ్డాడు. "ఆగండి నాయనా. నీళ్లు మోసుకొస్తే రాతి మీది మాట అబద్ధమైపోతుంది." రాజు మాట అబద్ధం చేసే ధైర్యం లేక వాళ్లు అక్కడే ఆగిపోయారు.

"గుండమరాజా, నూరు బిందెలన్నావే" అని అరిచాడు రాజు.

"నూరు వరకు అన్నాను ప్రభూ."

"వారు తప్పేమీ చెప్పలేదు" అన్నాడు సంగన్న. "ఒకటి కూడా నూరులోపలిదే."

అప్పుడు అంకమ్మ ముందుకు వచ్చింది. పట్టి ఉంచిన బిందె ఎత్తి రాజు తలమీద గుమ్మరించింది. రాజు ఎర్రబడ్డ కళ్లు తెరిచి, కాళ్ల కింద చూసుకున్నాడు.

"ఇక్కడ నేలంతా ఇంత నల్లగా ఉందేమిటి?"

"మా బావ ఇల్లు ప్రభూ. నిరుడు నిప్పు పడ్డప్పుడు మా అక్క ఇదే బిందె పట్టుకుని ఇదే కుళాయి కింద నిలబడింది. బిందె నిండలేదు. మనిషి దక్కలేదు. తమకు మండింది కుంకుడు పులుసుకే."

 రాజు ముఖం కందగడ్డలా మారింది. సంగన్న తన మెడ ఒకసారి తడుముకున్నాడు.

రాజు తన ఒంటి మీది నురగ చూసుకున్నాడు. "అపర భగీరథుడికి తలంటుకు నీళ్లు లేవు" అని ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. కొలువువాళ్లు కూడా నవ్వారు. సాలిపేట జనం నవ్వలేదు. వాళ్ల ముఖాలు చూసేసరికి రాజు నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మెడలో హారం తీసి సంగన్నకు చాపాడు.

"హారం వద్దు ప్రభూ. ఏటా తమ తలంటు ఒక్కో పేటలో జరగాలి. శంఖం ఊదకూడదు. ఏ పేటో ఆనాటి ఉదయమే చీటీ తీయాలి. పీట వేసేవరకు జలాధికారికి కూడా తెలియకూడదు. నాకు అదే బహుమానం."

"అలాగే" అన్నాడు రాజు. తడిసిన మీసం తుడుచుకుంటూ ఒక మాట తానుగా కలిపాడు. "ధార సన్నబడితే, నా బదులు గుండమరాజు ఆ పీట మీద కూర్చుంటాడు. పులుసు నేనే పోస్తాను." హారాన్ని మాత్రం బలవంతంగా సంగన్న మెడలో వేసి వెళ్లాడు.

నెలల పని అన్న గుండమరాజే పగలనక రేయనక తవ్వించాడు. చీటీ ఏ పేటకు వస్తుందో తెలియదు మరి. అందుకని పేటలన్నిటికీ లావు గొట్టాలు వేశాడు, ఆఖరికి దారితప్పిన పశువుల్ని కట్టే బందెలదొడ్డి సందుకు కూడా. గాడ్పులు లేవకముందే సాలిపేటలో నీళ్లు దూకాయి.

మొదటి బిందె అంకమ్మనే పట్టమన్నారు. సంగన్న పక్కన నిలబడి అంకెలు లెక్కపెట్టాడు. పది అనేలోపు బిందె నిండింది. అంకమ్మ దాన్ని ఎత్తలేదు. నీళ్లు పొర్లి కాళ్ల మీదుగా ఆ నల్లనేల మీదికి పారుతుంటే, రెండు చేతులతో బిందె పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయింది.