కొండ కదిలిన రోజు

హిమాలయాల్లో ఒక లోయ. అక్కడ వాగులన్నీ గడ్డకట్టినా, కొండ మొదట్లో వేడినీటి ఊట ఒక్కటి మాత్రం పారుతూనే ఉండేది. జంతువులన్నీ ఆ నీళ్ల మీదే బతికేవి. ఆ ఏడు చలికాలం వెళ్తుండగా కరాళుడనే మంచు చిరుత వచ్చి ఊట దారికి అడ్డంగా పడుకున్నాడు. నీళ్లకు వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. వెళ్లనివాళ్ల నాలుకలు పిడచకట్టుకుపోయాయి.

జడలబర్రెల మందకు పెద్దదిక్కు చమరమ్మ. ఆమె దూరంగా నిలబడి అడిగింది. "దారి ఎప్పుడు వదులుతావు నాయనా?"

"ఈ కొండ కదిలిన రోజున!" కరాళుడు ఆవులించాడు.

"ఒట్టేనా?"

"ఒట్టే. మాట తప్పితే నా ఒంటి మచ్చలు చాలక జాతికే ఇంకో మచ్చ."

నోరా వీపుకు చేటు తేకే అన్నారు. ఆ ఒట్టు కొండగొర్రెలు విన్నాయి, కుందేళ్లు విన్నాయి.

చమరమ్మ పక్కనున్న బండను కొమ్ములతో పెకలించి దొర్లించింది. అది రెండుగా పగిలింది. లోపల సుడులు తిరిగిన గవ్వ ఒకటి, రాయిగా మారిపోయి ఉంది.

"ఇదేంటో చెప్పమ్మా" అంది, కొల్లేరు నుంచి అప్పుడే తిరిగొచ్చిన వలస బాతుతో.

బాతు మెడ సాచి చూసింది. "అత్తా, ఇది సముద్రపు గవ్వ! ఇలాంటివి తీరంలో చూశాను. ఇంత ఎత్తుకు ఎలా వచ్చింది?"

"ఎవరో తెచ్చి పడేసుంటారు" అన్నాడు కరాళుడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం వాడు.

"రాతి కడుపులోకి ఎవరు తెస్తారయ్యా? ఈ నేల ఒకప్పుడు సముద్రం అడుగు. ఇప్పుడు మబ్బుల్లో ఉంది. కదలకుండానే వచ్చిందా?"

"రాయి ఎలా కదులుతుంది?"

"అదిగో, ఆ మంచునది చూడు. పొడిస్తే నా కొమ్మే విరుగుతుంది. అయినా లోయలోకి జారుతూనే ఉంది. భూమి లోతుల్లోనూ అంతేనని మా పెద్దలు చెప్పేవారు. అక్కడ రాయి కరిగిపోదు, వేడికి మెత్తబడి మెల్లగా పారుతుంది. దాని మీద కొండలూ సముద్రాలూ అన్నీ సాగిపోతున్నాయి, నీ గోళ్లు పెరిగేంత నెమ్మదిగా. మనం మాట్లాడుకునే ఈ క్షణంలో కూడా." చమరమ్మ గొంతు సన్నబడింది. "చెప్తుంటే నాకే ఒళ్లు జలదరిస్తోంది."

కరాళుడు తన గోళ్ల వంక చూసుకున్నాడు. తలెత్తి శిఖరాన్ని చూశాడు. నేలకు చెవి ఆనించాడు. ఏమీ వినపడలేదు. అంత పెద్ద కొండ అంత నిశ్శబ్దంగా నడుస్తోందనేసరికి వాడి రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

మెల్లగా లేచాడు. నిద్రపోతున్న ఏనుగు వీపు మీద నడుస్తున్నట్టు ఒక్కో అడుగే వేసుకుంటూ గట్టు దాటి వెళ్లిపోయాడు. దాహంతో ఉన్న మందలన్నీ ఊటలో మూతులు పెట్టాయి.

నేలే నిలవని లోకంలో, కదలనని భీష్మించినవాడే ముందు లేవాల్సి వస్తుంది.