మిల్లు గొట్టం

ఇందుమతి ఎటూ తేల్చుకోలేకపోయింది. మూతపడ్డ జనపనార మిల్లు స్థలంలో పెద్ద వినోదాల పార్కు రాబోతోంది. దాని నడిమధ్య నిలిచే గురుతు ఏదో సోమవారంలోగా చెప్పాలి. ఆమె అయిదు నమూనాలు చేసింది: ప్యారిస్ టవర్, పిరమిడ్, పగోడా, తెల్లటి కోట, దివిటీ పట్టుకున్న విగ్రహం. అయిదూ ముచ్చటగా ఉన్నాయి. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"వీటిలో ఏది, గురువుగారూ?"

ధర్మాచారి ఒకప్పుడు రథాలు చెక్కినవాడు. ఇప్పుడు పార్కులకు రూపం ఇస్తున్నాడు. అయిదింటినీ చుట్టూ తిరిగి చూశాడు.

"పనితనం బాగుంది. పద, స్థలం చూసొద్దాం."

"నాలుగుసార్లు వెళ్ళాను. అంగుళం వదలకుండా కొలిచాను."

"నేను చూళ్ళేదుగా."

మర్నాడు పొద్దున్నే విశాఖ నుంచి బస్సులో వెళ్ళారు. మిల్లు ఇంకా రెండు మైళ్ళుందనగా ఆయన దిగిపోయి, రోడ్డు పక్క టీ కొట్టు ముందు కూర్చున్నాడు. కొట్టు పైడమ్మది. టీ తాగుతూ ఆయన ఫోను కలిపి పైడమ్మ చేతికిచ్చాడు.

"మా తమ్ముడమ్మా. బొబ్బిలి నుంచి మిల్లు దగ్గరికి వస్తున్నాడు. కాస్త దారి చెప్పు."

పైడమ్మ ఫోను చెవికి ఆనించుకుంది.

"బాబూ, టేసను దాటినాక ఎటూ తిరగొద్దు. తిన్నగా వచ్చీయండి. మిల్లు గొట్టం అగుపిస్తాది. అగుపించినాక ఇంకెవుల్నీ అడగక్కర్లేదు."

అవతలి మనిషికి కనబడదని తెలిసీ ఆమె చెయ్యెత్తి చూపించింది. ఇందుమతి అటు చూసింది. చెరుకు తోటల మీదుగా ఇటుక పొగగొట్టం ఒక్కటే నిలబడి ఉంది.

పైడమ్మ ఫోను తిరిగిచ్చేస్తూ నవ్వింది. "మావోలు రైల్లో వస్తే, గొట్టం అగుపించీసరికే ఊరొచ్చీసిందని మూటలు సర్దీసుకుంటారు బాబూ."

ఇందుమతి ముఖం మాడిపోయింది. స్థలం చదును చేయడానికి ఆ గొట్టాన్ని గురువారం కూల్చమని రాసిచ్చింది తనే.

"గురువుగారూ, అది వట్టి పొగగొట్టం. దాన్ని చూడ్డానికి టిక్కెట్టు కొని ఎవరొస్తారు?"

"నీ అయిదింట్లో దేన్ని చూసి మూట సర్దుకుంటారు?" అన్నాడాయన, గ్లాసు కింద పెడుతూ.

రెండో టీ వచ్చింది. చల్లారిపోయింది. చివరికి ఇందుమతి లేచి, నాలుగడుగులు పక్కకి వెళ్ళి కాంట్రాక్టరుకి ఫోన్ చేసింది.

"గురువారం మనుషుల్ని పంపకండి. గొట్టం ఉంటుంది."

అవతల కాంట్రాక్టరు గట్టిగానే విసుక్కున్నాడు. "మరి దాని చుట్టూ ఏం కడతారండీ?"

"ఇంకా తెలీదు," అంది ఇందుమతి.

ధర్మాచారి పైడమ్మ వైపు తిరిగాడు. "ఇంకో టీ ఇవ్వమ్మా, వేడిగా. మా అమ్మాయి ఇవాళే పని మొదలుపెట్టింది."