గోరింక వాలని వీపు

అనగనగా పిల్లలూ, వానలు ముఖం చాటేసిన ఒక అడవి. దానికి రాజు సింహం, మంత్రి పునుగుపిల్లి. ఆ అడవిలో వార్తలు చాటే పని ఒక ముసలి గోరింకది.

ఆ పనికొక కట్టుబాటు ఉండేది. వార్త ఎవరు చెబితే వారి వీపు మీద వాలి చాటాలి. దున్న చెబితే దున్న వీపు మీద, ఏనుగు చెబితే ఏనుగు వీపు మీద. విన్నవాళ్ళకు చెప్పినవాళ్ళ మొహం కూడా కనిపించేది. నమ్మాలో వద్దో వాళ్ళే తేల్చుకునేవారు.

కానీ ఎంతకాలమని? ఒక్కొక్కరి వెంటా తిరిగి, బతిమాలి, వీపెక్కి అరిచేసరికి గోరింకకు రెక్కలు పడిపోయేవి. విసిగిపోయింది పాపం.

అదను చూసుకుని మంత్రి వచ్చాడు. "గోరింకమ్మా, ఈ వయసులో నీకెందుకీ తిప్పలు? రాజుగారి గుహలో సంగతులు నీ చెవిన వేస్తాను. ఈ బండ మీద కూర్చుని, గుహలోని పెద్దలు చెప్పారు, అను చాలు. నా పేరు మాత్రం బయటికి రాకూడదు."

"అలాగే మంత్రిగారూ, ఎవరికీ చెప్పను," అని మాట ఇచ్చింది గోరింక.

మొదట, రాజుగారి మడుగులో ఇకమీదట అందరూ నీళ్ళు తాగవచ్చని చెప్పాడు. అది నిజమే అయింది. గోరింక పేరు అడవంతా మారుమోగింది.

తరువాత, సేనాపతి ఏనుగు దొంగచాటుగా పొరుగు అడవికి వెళ్ళివచ్చాడని చెప్పాడు. వెళ్ళిన మాట నిజమే. జబ్బుపడ్డ అక్కను చూడడానికి వెళ్ళాడని మంత్రి చెప్పలేదు, గోరింక అడగలేదు. ఏనుగు పదవి ఊడింది. తలవంచుకుని బండ ముందునుంచి నడిచిపోతుంటే గోరింక మనసు చివుక్కుమంది. అయినా బండ దిగలేదు.

ఎండలు ముదిరాయి. రాజుగారి మడుగు అడుగంటింది. మంత్రి మళ్ళీ వచ్చాడు.

"ఉత్తరపు వాగు దగ్గర కాపుకాసే పులి వెళ్ళిపోయిందట. జింకలు ఇక అక్కడికి పోవచ్చని చాటు."

గోరింకకు ఎందుకో అనుమానం వేసింది. "ఈ ఒక్కటీ మీ వీపు మీద వాలి చెప్పనా?"

"చెప్పుకో. రేపటినుంచి నీకు గుహ కబుర్లు ఉండవు, అంతే," అని నవ్వాడు మంత్రి.

వాగు దాకా ఎగిరి చూసివచ్చే ఓపిక లేక, గోరింక బండ మీదనుంచే చాటేసింది. నాలుక పిడచగట్టుకుపోయిన జింకల మంద వెంటనే కదిలింది. మందలోని లేడిపిల్లల్ని చూశాక గోరింకకు ఇక కూర్చోబుద్ధి కాలేదు. వాగుకు ఎగిరింది. రెల్లు పొదల్లో పులి కూర్చునే ఉంది!

ఆయాసపడుతూ మందకు ఎదురువచ్చి, "ఆగండి! పులి అక్కడే ఉంది!" అని అరిచింది.

మంద పెద్ద ఒక ముసలి జింక. "ఇందాక లేదన్నావు, ఇప్పుడు ఉందంటున్నావు. పిల్లలు దాహంతో ప్రాణాలు వదిలేలా ఉన్నారు. లేదని నీకు చెప్పిందెవరు?"

పేరు చెప్పనని గోరింక మాట ఇచ్చింది కదా! కానీ కళ్ళెదుట లేడిపిల్లలున్నాయి.

"పునుగుపిల్లి మంత్రి చెప్పాడమ్మా. ఉందని మాత్రం నా కళ్ళతో నేను చూశాను."

"ఆయనా? రాజుగారి మడుగంతా మేమే తాగేస్తున్నామని నిన్న సణిగిందీ ఆయనేగా!" అంది ముసలి జింక. మందను వెనక్కి మళ్ళించింది. అప్పటికే అందరికంటే ముందు ఉరికిన ఆమె కూతురు మాత్రం తిరిగి రాలేదు.

సాయంత్రం ముసలి జింక గోరింక దగ్గరికి వచ్చింది. "అబద్ధం ఆయనదే, కాదనను. కానీ నా బిడ్డ విన్నది నీ గొంతు," అంది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది గోరింకకు.

మంత్రికి ఏమీ కాలేదు. ఆయనకు ఇంకో పిట్ట దొరికింది. గోరింక మాత్రం రెక్కలు ఎంత నొప్పెట్టినా తాను వెళ్ళి చూశాకే నోరు విప్పేది. చాటే వార్తలు తగ్గాయి. చాటిన వాటిని జింకలు నమ్మాయి.

పిల్లలూ, చెప్పినవారి పేరు దాచి ఒక మాటను లోకానికి చాటితే, ఆ మాట తెచ్చే కీడుకు పూచీ చాటినవారిదే.