ఎడమ చెప్పు

కంబగిరికి ఆ బండి అంతు చిక్కలేదు.

నల్లమల కనుమ కింద పీరా ఉస్తాద్ షెడ్డు ఉంది. అక్కడ గేరుబాక్సు విప్పి బిగించడంలో కంబగిరిని మించినవాడు లేడు. ఆ మాట ఊరంతా అనేది, ఊరికంటే ముందు కంబగిరే అనేవాడు. అతనికి అంతకన్నా పేరు తెచ్చింది ఎడమ కాలు. లోడు జీపును నిట్టనిలువు ఎత్తులో ఆపి, బ్రేకు ముట్టకుండా, ఎడమ కాలు క్లచ్చు మీద సగం ఆనించి, బండి ముందుకూ వెనక్కూ పోకుండా నిలబెట్టేవాడు. బానెట్టు మీద టీ గ్లాసు పెట్టి చూడమనేవాడు. టీ తొణికేది కాదు. "ఈ కాలికి ఇన్సూరెన్సు చేయించాల" అని తనే అనుకుని తనే నవ్వేవాడు.

అలాంటివాడి ముందుకు డాక్టరమ్మ బండి వచ్చింది.

హేమలతమ్మ కొండ మీది గూడేలకు వైద్యం చేస్తుంది. ఆ బండి ఎప్పటిదో, ఆసుపత్రికి ఎవరో దానంగా ఇచ్చారు. నాలుగు చక్రాలూ లాగుతాయి. గేర్లు వాటంతట అవే పడతాయి. క్లచ్చు లేదు, కాళ్ల దగ్గర రెండే పెడళ్లు, ఒకటి బ్రేకు, ఒకటి ఆక్సిలరేటరు. వానలు దిగాక పెద్దవాగు దాటి గూడేలకు చేరగలిగిన బండి ఆ చుట్టుపక్కల అదొక్కటే.

పాత డ్రైవరు నాగశేషులు చూపు మందగించి మానుకున్నాడు. లారీలు నడిపి నడిపి వచ్చిన ఓబులేసు అతని చోట చేరాడు. కొన్నాళ్లకే బండికి జబ్బు చేసింది. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. ఎత్తు వస్తే చాలు, సగంలో నీరసపడిపోతుంది. కింద నుంచి కమురు వాసన.

కంబగిరి చేయని పని లేదు. గేరుబాక్సు నూనె చూసే పుల్ల తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, మాడు వాసన కొట్టింది. నూనె మార్చాడు. ఫిల్టరు మార్చాడు. ఆక్సిలరేటరు నుంచి గేరుబాక్సుకు పోయే కేబులు సరిచేశాడు. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని బండిని జాకీల మీద లేపి, చక్రాలు చేత్తో తిప్పాడు. నాలుగూ హాయిగా తిరిగాయి. తనే నడిపి కనుమ ఎక్కించబోయాడు. మొదటి మలుపు దాటగానే బండి మొరాయించింది. కొత్త నూనె కూడా మాడింది.

"లోపల ప్లేట్లు అరిగిపోయినాయి మేడం" అని తేల్చేశాడు. "ఇప్పితే దీనికి సామాన్లు యాడా దొరకవు. ఇప్పకపోతే నడవదు."

డాక్టరమ్మ చివరికి పాత ఇనుము లారీకి కబురు పెట్టించింది.

లారీ వస్తుందన్న రోజు పొద్దున్నే ఆమె షెడ్డుకు వచ్చి, బండిలోంచి స్ట్రెచర్ దింపించింది. మందుల పెట్టెలు ఒక్కొక్కటే గోడవారగా పేర్చింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. వాగు అవతల ఇద్దరు నిండు చూలాళ్లు ఉన్నారని ఆమె ఎవరితోనూ అనలేదు, ఓబులేసు అన్నాడు.

పీరా ఉస్తాద్ షెడ్డు ముందు పాత బస్సు సీటు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఈ మధ్య ఆయన స్పానరు పట్టడం తక్కువ.

"ఏమిరా, తేలిందా?"

"తేలింది ఉస్తాద్. గేరుబాక్సు పోయినాది."

"బ్రేకులు?"

"లేపి తిప్పి సూసినా. గాలికి తిరుగుతాండాయి."

"తిప్పినప్పుడు సీట్లో ఎవురున్నారు?"

"ఎవురూ లేరు. తిప్పేదానికి సీట్లో మనిషెందుకు ఉస్తాద్?"

ఉస్తాద్ గ్లాసు కింద పెట్టాడు. "ఇంకొకసారి ఎక్కించు. నేనూ సూడాల."

కంబగిరికి కోపం వచ్చింది. ఇన్నేళ్లు పని నేర్చుకుని, చచ్చిన గేరుబాక్సును చచ్చిందని చెప్పడం కూడా రాదా తనకు? కానీ ఉస్తాద్‌కు ఎదురు చెప్పే అలవాటు లేదు. బండి ఎక్కాడు. చివరిసారి నేనూ వస్తానంటూ డాక్టరమ్మ పక్క సీట్లో కూర్చుంది.

ఉస్తాద్ గొడుగు వేసుకుని, ముందే నడిచిపోయి మొదటి మలుపు దగ్గర రాయి మీద కూర్చున్నాడు.

బండి అరుచుకుంటూ వచ్చింది. ఆయన ముందు నుంచి పోయింది. ఆయన వెనక నుంచి చూశాడు. ఎత్తు ఎక్కుతున్న బండికి వెనక బ్రేకు లైట్లు రెండూ ఎర్రగా వెలుగుతున్నాయి.

కాస్త పైకి పోయి బండి నిలిచిపోయింది. కంబగిరి హ్యాండుబ్రేకు లాగాడు. ఉస్తాద్ నెమ్మదిగా అక్కడికి నడిచి, జ్వరం చూసినట్టు ఒక్కో చక్రం దగ్గరా చెయ్యి తిప్పి పెట్టాడు. ముందు చక్రం దగ్గర సెగ తగిలి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"సూసినారు గదా ఉస్తాద్" అన్నాడు కంబగిరి, కిటికీలోంచి.

ఉస్తాద్ డ్రైవరు తలుపు తీశాడు. వంగి, రెండు చేతులతో కంబగిరి ఎడమ పాదం పట్టుకున్నాడు.

కంబగిరి అదిరిపడ్డాడు. "ఏంది ఉస్తాద్ ఇది? నా కాళ్లు మీరు పట్టుకునేదేంది?"

ఆ పాదం వెడల్పాటి బ్రేకు పెడలు మీద ఉంది. గట్టిగా తొక్కడం లేదు, క్లచ్చు మీద పెట్టినట్టే సగం ఆనించి ఉంది. ఉస్తాద్ దాన్ని పైకెత్తి, చెప్పు ఊడదీసి, కాలు మడిచి సీటు మీద పెట్టాడు.

"బువ్వకు కూర్చున్నట్టు కూర్చో."

"ఒంటికాలితో ఎట్ల ఎక్కించాల?"

ఉస్తాద్ ఎడమ చెప్పు చంకలో పెట్టుకుని తలుపు వేశాడు. "ఇది నా కాడ ఉండనీ. నువ్వు పోయిరా."

నూనె కాస్త చల్లారేదాకా ఆగి, కంబగిరి హ్యాండుబ్రేకు దించి బండిని కదిలించాడు. సీటు మీద మడిచిన కాలు ఊరుకోలేదు. ఎత్తు రాగానే తొడ బిగిసింది, పాదం కిందికి దిగబోయింది. అప్పుడు తెలిసింది అతనికి. ఇన్నాళ్లూ ఆ కాలు అడక్కుండానే దిగింది. బండి వెనక్కి జారుతుందన్న భయంతో ఎక్కుతున్న బండిని అదే పట్టి ఆపింది. కుడి కాలు తోసినకొద్దీ ఎడమ కాలు లాగింది. ఓబులేసు కాలు కూడా లారీ కాలే, క్లచ్చుకు అలవాటుపడ్డదే.

ఒళ్లంతా సిగ్గు కమ్మింది. కానీ సిగ్గుపడే తీరిక ఇవ్వలేదు బండి. రెండో మలుపులో ఇంజను అరుపు తగ్గి, గేరు పడింది. బండి ముందుకు దూకింది. కంబగిరి ఎడమ చేత్తో తన మోకాలు నొక్కి పట్టుకున్నాడు. మూడో మలుపు వచ్చింది, పోయింది. లోడు లారీలు ఉసూరుమనే చోట, వెదురు పొదల పక్కన, ఆ ముసలి బండి రాళ్లు చిమ్ముకుంటూ పైపైకి పోయింది.

డాక్టరమ్మ డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో తడుతోంది. "పో తల్లీ, పో" అంటోంది. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ఆమె తుడుచుకోవడం లేదు.

కొండ కొనకు చేరాక కంబగిరి హారను మీద చెయ్యి పెట్టి తీయలేదు. కింద షెడ్డులో ఉన్నవాళ్లంతా పని ఆపి రోడ్డు మీదికి వచ్చారు. లోయంతా ఆ మోతే. చిన్నపిల్లాడిలా అతను గట్టిగా నవ్వాడు. ఏ గేరుబాక్సు బాగుచేసినప్పుడూ అతనికి ఇంత సంతోషం కలగలేదు.

తిరిగి వచ్చేసరికి పాత ఇనుము లారీ షెడ్డు ముందు ఆగి ఉంది. దాని డ్రైవరు, బండి దిగి వస్తున్న డాక్టరమ్మను, ఆమె వెనక నిలిచిన బండిని మార్చి మార్చి చూసి, టీ తాగి, ఖాళీ లారీతో వెళ్లిపోయాడు.

కంబగిరి ఉస్తాద్ దగ్గరికి వచ్చాడు. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు.

"ఇంత కాలం గొప్పగా చెప్పుకుంటి ఉస్తాద్, ఈ కాలి గురించి."

"మంచి కాలేరా అది" అన్నాడు ఉస్తాద్, చెప్పు అతని ముందు పెడుతూ. "దానికి పనిలేని చోటు ఇంతవరకూ సూడలే, అంతే."

కంబగిరి చెప్పు తొడుక్కోలేదు. మాడిన నూనె తీసి కొత్తది పోశాడు. గోడవార ఉన్న మందుల పెట్టెలు తనే మోసి బండిలో పెట్టాడు. స్ట్రెచర్ ఎక్కించాడు. తొలి చినుకులు పడుతున్నాయి. డాక్టరమ్మ ముందు సీట్లో కూర్చుని, వాగు పొంగకముందే దాటాలని తొందరపెట్టింది.

ఓబులేసు తాళం చెవి అందుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. "మొత్తానికి సాధించినావన్నా. ఏ పార్టు పోయినాది?"

కంబగిరి తలుపు తీసి, షెడ్డులో అందరూ చూస్తుండగా వానలో వంగి, ఓబులేసు ఎడమ పాదం రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అన్నా, కాళ్లు పట్టుకుంటావేంది, లెయ్" అని ఓబులేసు కంగారుపడ్డాడు.

కంబగిరి బూటు తాడు విప్పాడు. బూటు ఊడదీసి, ఆ కాలు మడిచి సీటు మీద పెట్టాడు.

"ఇది నా కాడ ఉండనీ" అన్నాడు. "నువ్వు పోయిరా."