చుక్క కారని పెట్టె

నీలగట్టు రాజు గజభూపాలుడికి పన్నెండు ఏనుగులు, నలభై గుర్రాలు, ఒక కంప్యూటర్ ఉండేవి. రాజుల కాలంలో కంప్యూటరేమిటని అడిగేవాళ్ళు ఇక్కడే లేచి వెళ్ళిపోవచ్చు. కథ వినేవాళ్ళకు అలాంటి అనుమానాలు రావు.

ఏ ఊరికి ఏ రోజు కాలవ నీళ్ళు వదలాలో ఆ కంప్యూటరే చెప్పేది. కిందటి ఎండాకాలం అది వేడెక్కి రెండు రోజులు మూగబోయింది. వంతు ఎవరిదో తేలక నలభై ఊళ్ళ రైతులు పారలు పట్టుకుని కోట ముందుకు వచ్చారు. అప్పటినుంచీ రాజుగారికి శత్రువు కన్నా ఎండంటేనే భయం.

ఈ ఏడు ఉగాది వెళ్ళగానే చాటింపు వేయించారు. లోపలే గొట్టాల్లో నీళ్ళు తిరుగుతూ కంప్యూటర్‌ను చల్లగా ఉంచే పెట్టె కావాలట.

రెండు పెట్టెలు వచ్చాయి. ఒకటి ఆస్థాన యంత్రవిశారదుడు సర్వోత్తమశాస్త్రి చేయించింది. చుట్టూ అద్దాలు, నాలుగు మూలలా బంగారు నెమళ్ళు, లోపల ఏడు రంగుల దీపాలు. రెండోది ఎవరో పల్లెటూరి కమ్మరి పంపిన నల్లటి ఇనప పెట్టె. ద్వారపాలకుడు దాన్ని బొగ్గుల పెట్టె అనుకుని వంటింటికి పంపేశాడు.

"బొగ్గులకు గొట్టాలెందుకయ్యా?" అంటూ కోటలో మంచినీళ్ళ కుండలు చూసుకునే సూరమ్మ దాన్ని మోయించుకుని సభకు వచ్చింది.

శాస్త్రి ముక్కు చిట్లించాడు. "కుండలు కడిగేదానివి, పెట్టెల సంగతి నీకేం తెలుసు?"

"కుండ కొనేటప్పుడు పైన బొమ్మలు చూడం అయ్యగారూ. అడుగు కారుతుందేమో చూస్తాం."

ఆ మాట రాజుగారికి నచ్చింది. రాజుగారికి మన మాట నచ్చడం ఎప్పుడూ ప్రమాదమే.

"అయితే నువ్వే ఎంచు. రేపు సాయంత్రం వరకూ గడువు. నువ్వు ఎంచిన పెట్టె కారి కంప్యూటర్ పాడైందా, నువ్వు ఊరు వదిలి పోవాల్సిందే!"

ఇరవై ఏళ్ళుగా ఆ కోట తప్ప సూరమ్మకు మరో నీడ లేదు. నోరు జారినందుకు తనను తాను తిట్టుకుని, కొంగు దోపుకుంది.

మర్నాడు పొద్దున్నే రెండు పెట్టెల్నీ జానలతో కొలిచింది. కంప్యూటర్ రెండింట్లోనూ పడుతుంది. శాస్త్రి దీపాలకిచ్చిన చోటు గాలికి ఇవ్వలేదు, అది వేరే సంగతి. నల్ల పెట్టె గొట్టాల్లో నీళ్ళు పోసి తిప్పడం మొదలుపెట్టింది. అద్దాల పెట్టె దగ్గరకు చెంబు తీసుకెళ్తే శాస్త్రి అడ్డం నిలబడ్డాడు.

"నా పెట్టెకు పరీక్షా? నన్ను అవమానించడానికా?"

సాయంత్రం సభ నిండిపోయింది. శాస్త్రి తన బిరుదు పత్రాన్ని ఎప్పటిలాగే పట్టుగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఏం తేల్చావు?" అని రాజుగారు అడిగారు.

"నల్ల పెట్టెకు నీళ్ళు పోశాను ప్రభూ. శాస్త్రిగారు తమ పెట్టెకు పోయనివ్వలేదు."

"ఎందుకు పోయాలి?" శాస్త్రి గొంతు పెంచాడు. "వందేళ్ళు తిప్పినా నా పెట్టె చుక్క కారదు!"

"మీ మాట చాలు అయ్యగారూ, మీ పెట్టెనే ఎంచుతాను. ఒక్క ముచ్చట తీర్చండి. లోపల కంప్యూటర్ పెట్టే చోట మీ బిరుదు పత్రం పెట్టండి. ఒక్క ఘడియ నీళ్ళు తిప్పుదాం."

శాస్త్రి చంక బిగుసుకుంది. "ఇది ప్రభువులు స్వహస్తాలతో రాసిచ్చింది! చుక్క పడితే సిరా అలుక్కుపోతుంది!"

సూరమ్మ తాపీగా అడిగింది.

"వందేళ్ళకు రాని చుక్క ఘడియలో ఎక్కణ్ణుంచి వస్తుంది అయ్యగారూ?"

శాస్త్రి పత్రాన్ని చంకలోకి ఇంకాస్త నొక్కుకున్నాడు.

"పెట్టండి శాస్త్రిగారూ," అన్నారు రాజుగారు.

"ఇప్పుడు వర్జ్యం ప్రభూ."

"రేపు?"

"అష్టమి."

"ఎల్లుండి?"

"నవమి."

రాజుగారు ఇక తిథులు అడగలేదు. సూరమ్మ వైపు తిరిగారు. "మరి నల్ల పెట్టెలో నువ్వేం పెట్టావు?"

"నాకు బిరుదులెక్కడివి ప్రభూ?" అంటూ ఆమె మూత తీసింది. లోపల విస్తరాకు ముక్క మీద వేయించిన అప్పడం ఉంది. "పొద్దుటినుంచీ దీని చుట్టూ నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. కాస్త చెమ్మ తగిలినా మెత్తబడిపోవాలి. తమరే చూడండి."

రాజుగారు అప్పడం అందుకుని కొరికారు.

కరకరమంది. చివరి వరుసలో కునుకు తీస్తున్న చెవిటి సేనాపతి ఉలిక్కిపడి కత్తి మీద చెయ్యి వేశాడు. రాజుగారు మిగతా అప్పడం కూడా, ఎవరికీ పెట్టకుండా, శ్రద్ధగా పరీక్షించారు.

"పెట్టె గట్టిదే," అన్నారు మూతి తుడుచుకుని. "ఉప్పు కాస్త ఎక్కువ."

సభంతా గొల్లుమంది. కంప్యూటర్‌ను అప్పుడే నల్ల పెట్టెలోకి మార్చారు. కమ్మరికి పట్టుబట్టలు పంపారు. రాజుగారు తన చేతి బంగారు కడియం తీసి సూరమ్మకిచ్చి, "యంత్రవిశారద బిరుదు కూడా ఇకనుంచి నీదే!" అన్నారు.

సూరమ్మ కడియం కళ్ళకద్దుకుంది. శాస్త్రి చంక వైపు ఒకసారి చూసింది.

"కడియం చాలు ప్రభూ. ఇది తొడుక్కుని కుండలు కడుక్కోవచ్చు. ఆ బిరుదైతే తడవకుండా కాపలా కాయాలి!"

అందరికన్నా ముందు నవ్వింది రాజుగారే.