చదివింపా, అప్పా?

అనగనగా రేవుపాలెంలో నారమ్మ అనే ఆవిడ బుట్టలల్లి బతికేది. షావుకారు భార్య కామేశ్వరి ఆమె స్నేహితురాలు. కూతురి పెళ్లిలో చేతిలో పైకం చాలక కామేశ్వరి చేబదులడిగితే, నారమ్మ దాచుకున్న వరహాలన్నీ పందిట్లోనే ఇచ్చేసింది. అవి తిరిగి రాలేదు. ఇంతలో గాలివానకు నారమ్మ ఇల్లు పడిపోయింది. అడగడానికి తిరిగి తిరిగి కాళ్లరిగి, చివరికి ధర్మాధికారి దగ్గరకెళ్లింది. ఆయన కామేశ్వరినీ పిలిపించాడు.

"పత్రమేదీ?" అన్నాడాయన మీసం దువ్వుకుంటూ.

"స్నేహితురాలి దగ్గర పత్రమేమిటయ్యా!"

కామేశ్వరి నవ్వింది. "అప్పేమిటి వదినా! మా పిల్ల పెళ్లికి చదివించావు కదా. పదిమందీ చూశారు."

"చదివింపును అప్పులా అడగకూడదు. ఇక వెళ్లు," అన్నాడు ధర్మాధికారి.

నారమ్మకు వాదించే ఓపిక లేదు. "సరేనయ్యా, చదివింపేనని రాయించండి. ఇల్లు లేపి గృహప్రవేశం పెట్టుకుంటాను. మనూరి ఆచారం ప్రకారం చదివింపు పుచ్చుకున్న వదిన ఆరోజు నాకు రెట్టింపు చదివించాలి. అదీ రాయించండి."

ఆ ఆచారం తప్పిన ఇంటి గడప ఊళ్లో ఎవరూ తొక్కరు. ధర్మాధికారి తలూపి గంటం అందుకున్నాడు.

"ఆగండాగండి! అది అప్పే!" అని అరిచింది కామేశ్వరి.

"అయితే ఇప్పుడే తీర్చు," అన్నాడాయన.

పైకం నారమ్మ చేతికొచ్చాక బయట కామేశ్వరి మూతి ముడిచింది. "ఇంత చేశాక గృహప్రవేశానికి నన్నేం పిలుస్తావులే!"

"రా వదినా, భోంచేసి వెళ్లు," అంది నారమ్మ. "చదివింపులు మాత్రం తేవద్దు. మళ్లీ తిరిగిచ్చే ఓపిక నాకు లేదు."